జానెడు పదును చూసి విత్తమన్న ఉపదేశి

2008 సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం ఆరుంబావుకు మా మరిది దానియేలప్ప కన్నుమూశాడు. ఆరాధనకు మొదటి గంట కొట్టడానికి బయలుదేరి, గడప మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు. నా తోడికోడలు రత్నమ్మ కేక విని నేను పరుగున వెళ్ళేసరికి ఊపిరి లేదు. ముందటి సాయంత్రమే మా ఇంటికొచ్చి, "వదినా, రేపు పాట నువ్వు ఎత్తుకోవద్దు. నీ గొంతుకు గోడ మీద బల్లులు పారిపోతాండాయి" అని ఆటపట్టించి వెళ్ళిన మనిషి. ఆ ఉదయం గంట ఎవరూ కొట్టలేదు. జనం వేళకు తామే వచ్చారు, గుడికి కాదు, ఇంటికి.

ఆయనను ఎరుగని వారి కోసం చెబుతున్నాను. కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో పదకొండు ఇళ్ళ క్రైస్తవ సంఘానికి దానియేలప్ప ఇరవై ఆరేళ్ళు ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చి వెళ్తారు. తక్కిన ఆదివారాలు వాక్యం చెప్పడం, రోగుల మంచం దగ్గర ప్రార్థించడం, పెళ్ళికీ చావుకీ ముందు నిలవడం ఉపదేశి పని. జీవనానికి నాలుగెకరాల మెట్ట చేను. వానొస్తే వేరుశనగ, రాకుంటే కూలి.

భూస్థాపన నాడు వక్తలందరూ ఆయనను ఓర్పుకు మారుపేరన్నారు. ఆ మాట నిజమే గానీ, చివరి అయిదేళ్ళకు మాత్రమే నిజం. అంతకు ముందు దానియేలప్ప అంత తొందర మనిషిని నేను చూడలేదు. తన పెళ్ళినాడు అయ్యగారి కంటే ముందే గుడికి చేరి, తలుపుకు తాళం ఉంటే కిటికీలోంచి దూరబోయి కొత్త చొక్కా చించుకున్నాడు. బస్సు ఎనిమిదికైతే ఆరున్నరకే రోడ్డు మీద ఉండేవాడు. "సంగటి ఉడికేలోపల మూడు మాట్లు మూత తీస్తాడక్కా ఈయప్ప. ఆవిరంతా పోతే ఇంగ యాడ ఉడుకుతాది?" అని రత్నమ్మ నా దగ్గర మొత్తుకునేది.

ప్రార్థన కూడా అలాగే చేసేవాడు. 'ఆమేన్' అనగానే తలెత్తి, జవాబు వచ్చిందా అని చుట్టూ చూసేవాడు.

మా సంఘంలో విత్తనాల ప్రార్థన అని ఒక ఆచారముంది. ముంగారు వానలప్పుడు, అంటే తొలకరి వేళ, ప్రతి ఇంటివారు విత్తనపు వేరుశనగ బుట్టలో తెచ్చి గుడిలో పెడతారు. ఉపదేశి ప్రార్థించాక వాన చూసుకుని విత్తుతారు. విత్తే ముందు చేనిలో చేత్తో తవ్వి, జానెడు లోతు దాకా తడి దిగిందా, మన్ను పిడికిట్లో ముద్ద కడుతుందా అని చూడడం ఈ సీమలో అందరూ చేసే పని. ఆ తడినే పదును అంటారు. పదును లేకుండా విత్తేవాడు మా వైపు లేడు.

2003లో మాత్రం మేము ఆ పనే చేశాం. అంతకు ముందటి ఏడు పంట లేదు. జూన్ మొదటి వారంలో సంఘమంతా మూడు దినాలు ఉపవాసముండి వాన కోసం ప్రార్థించాం. మూడో దినం, శనివారం సాయంత్రం, వాన పడింది. దానియేలప్ప వానలో నిలబడి ఏడ్చాడు. మరునాడు విత్తనాల ప్రార్థన ముగించి, "దేవుడు జవాబిచ్చినాడు. రేపే ఇత్తండి" అన్నాడు. సోమవారం మా వాళ్ళందరూ గొర్రు కట్టారు. ఒక్కరూ తవ్వి చూడలేదు. అడిగి తెచ్చుకున్న వానను మళ్ళీ తవ్వి పరీక్షించడం అవిశ్వాసమని ప్రతివారూ తమలో తాము అనుకున్నారు. పొరుగు చేల రెడ్లు తవ్వి చూసి, తడి నాలుగు వేళ్ళే దిగిందని ఆగిపోయారు.

మొలకలు రెండాకులు తొడిగి మాడిపోయాయి. జూలై అంతా గాలి తప్ప ఏమీ లేదు. ఆ నెల చివరి ఆదివారం దానియేలప్ప ఓర్పును గురించి ప్రసంగం మొదలుపెట్టాడు. సంఘంలో అందరికంటే కష్టజీవి, ఎలీషా, లేచి నిలబడ్డాడు.

"నిల్పన్నా. ఓర్సుకోండి, ఓర్సుకోండి అని మాకు చెప్తాండావే, ఆ పొద్దు తొందరపడింది ఎవురు? మేమా, నువ్వా?"

"కూర్చో ఎలీషా, గుడిలో ఏం మాటలవి?" అన్నారు వెనకనుంచి.

"ఇత్తమని చెప్పింది గుడిలోనే గదా! గుడిలోనే అడుగుతా. తవ్వి చూసి ఇత్తాలని మా ఇంట్లో పసిపిల్లోనికి తెలుసు. నువ్వు జవాబొచ్చిందంటివి. నేను తవ్వల్యా."

దానియేలప్ప చేతిలోని గ్రంథం మూశాడు. "నిజమే ఎలీషా. వాన దేవునిదే. జవాబని చెప్పింది మాత్రం నేను. ఆయన చెప్పల్యా." వేదిక దిగి వచ్చి, మగవాళ్ళ చాప మీద ఎలీషా పక్కనే కూర్చున్నాడు. ఆ దినం ఆశీర్వాదం లేకుండానే లేచి వచ్చాం.

ఆ వారంలోనే ఎలీషా తన ఎద్దుల జతను సంతకు తోలుకు పోతుంటే దానియేలప్ప దారికి అడ్డం నిలిచాడు. నేను మా అరుగు మీద ఉన్నాను.

"యాడికప్పా?"

"సంతకు. వీటిని అమ్మి బెంగుళూరు పోతాండాం. ఆడ కట్టడం పనుండాది."

"పోయిరా. ఎద్దుల్ని మాత్రం అమ్మద్దు. అవి పోతే ఇంగ నువ్వు చేనికి తిరిగి రావు."

"వాన ఎప్పుడొస్తాదో చెప్పు, అమ్మను."

"నాకు తెలీదు."

ఎలీషా నవ్వాడు. "ఈ మాట జూన్‌లో చెప్పింటే నీ కాళ్ళు మొక్కుదును గదన్నా!"

"అప్పుడు చెప్పల్యా. ఇప్పుడు చెప్తాండా. నువ్వు వచ్చేదాకా ఇవి నా కొట్టంలో ఉంటాయి."

"మేత?"

"అది నా తిప్పలు."

ఎలీషా తాడు ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

"మనకే గంజి లేదు, రెండెద్దులను విందుకు పిలిచినాడు" అని రత్నమ్మ తల బాదుకుంది. దానియేలప్ప పాత వామిలోని వేరుశనగ కట్టె, అంటే ఎండిన తీగ, దులిపి వేశాడు. అది అయిపోయాక గుట్టల వెంట తిరిగి తుమ్మకాయలు ఏరాడు, వేపమండలు మోశాడు. పొద్దున్నే చేనికి వెళ్ళి చేత్తో తవ్వి చూసి వచ్చేవాడు. "ఏమన్నాడు నీ దేవుడు?" అని రత్నమ్మ ఎగతాళిగా అడిగేది. "ఇంకా ఏమీ అనల్యా" అని గోళ్ళలో మన్ను కడుక్కునేవాడు. ఆ వారాల్లో గుడిలో ప్రసంగం చెయ్యలేదు. వాక్యం చదివి ఊరకే కూర్చునేవాడు. చిత్రమేమంటే, గుడి మానుకున్న కొందరు ఆ మౌనానికే తిరిగి రావడం మొదలుపెట్టారు.

విసుగు రాలేదా అని నేనొకసారి అడిగాను. "వస్తాది వదినా. విసుగొచ్చినా ఎద్దులకు మేత ఎయ్యాల గదా. మేత ఏసేలోగా ఇంగొక దినం గడుస్తాది. ఓర్పంటే అంతే మాదిరుండాది" అన్నాడు.

సెప్టెంబరు 3న వాన పట్టింది. రాత్రంతా కురిసి, పగలూ కురిసింది. వేరుశనగకు అదను దాటిపోయింది. కానీ ఉలవలకు అదే అదను. దానియేలప్ప కళ్యాణదుర్గం వెళ్ళి బెంగుళూరు మేస్త్రీకి ఫోను చేసి ఎలీషాను రప్పించాడు. ఎలీషా బస్సు దిగి నేరుగా తన చేనికే వచ్చాడు. దానియేలప్ప తోలుకొచ్చిన ఎద్దులు బక్కచిక్కి ఉన్నాయి, కానీ నిలబడి ఉన్నాయి. అతను వాటి మూపులు నిమిరి, "ప్రార్థన చేస్తావా అన్నా?" అన్నాడు.

"ముందు తవ్వు. తవ్వినంక చేద్దాం."

"దేవునికి కోపం రాదా?"

"తవ్వేది అవిశ్వాసం కాదప్పా. ఇచ్చినాడా, ఇంకా ఇయ్యల్యా అని చూసుకునేదే. ఇయ్యకుంటే ఇంటికి పోయి కూర్చుందాం. ఆయన చేను ఆయనకు తెలీదా?"

ఎలీషా మోచేతి దాకా తవ్వాడు. మన్ను ముద్ద కట్టింది. ఇద్దరూ ఆ గుంత పక్కనే మోకరించారు. ఆ ఏడు ఉలవలు మాలో ఎవరినీ ధనవంతులను చెయ్యలేదు. తిండికీ, ఎద్దుల మేతకూ సరిపోయాయి. ఎలీషా మళ్ళీ బెంగుళూరు పోలేదు. ఆ కరువులో అక్కడికి పోయిన మరో రెండు కుటుంబాలు మాత్రం తిరిగి రాలేదు.

అప్పటినుంచి విత్తనాల బుట్టల పక్కన ప్రతి ఇంటివారు తమ చేని మన్ను ఒక పిడికెడు తెచ్చి పెడుతున్నారు. ముద్ద కట్టకపోయినా ప్రార్థన మానరు. విత్తనం మాత్రం ఇంటికి తిరిగిపోతుంది. "దేవుడు ఆలస్యం చెయ్యడు వదినా. మనమే ముందుగా పోయి ఆయన వాకిట్లో కూర్చుని, ఇంకా తలుపు తీయల్యా అని తిడతాండాం" అని దానియేలప్ప నవ్వేవాడు. తొందర పూర్తిగా పోయిందని నేననను. బస్సుకు మాత్రం కడదాకా ఆరున్నరకే వెళ్ళాడు.

భూస్థాపన నాడు ప్రార్థన ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. అయ్యగారు ఎలీషాను పిలిచారు. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎవరూ దగ్గలేదు, తొందరపెట్టలేదు. పసిపిల్లలు సైతం నిలబడి ఉన్నారు. ఆ నిశ్శబ్దాన్ని మించిన ప్రసంగం మా గుడిలో నేను వినలేదు. మా సంఘానికి ఓర్పు నేర్పిన ఆ తొందర మనిషికి నా నమస్కారం.

2003లో మేము పోగొట్టుకున్నవి: పదకొండు ఇళ్ళ విత్తనం, ఒక కారు పంట, బెంగుళూరులోనే ఉండిపోయిన రెండు కుటుంబాలు, మూడు నెలలు ఉపదేశి మాట మీద నమ్మకం. విత్తనం మరుసటి ఏడు సమకూరింది. నమ్మకం ఉలవలతో పాటే వచ్చింది. ఆ రెండు కుటుంబాల కోసం ఇంకా చూస్తున్నాం.

2008లో పోగొట్టుకున్నది: దానియేలప్ప.