ఖాళీ గొట్టాన్ని అడిగిన మేడం

"మామా, మేడం పోయినారంట. గుండె ఆగిపోయిందంట." బుక్కరాయసముద్రం నుంచి మేనకోడలు ఫోను. కాసేపు ఏడ్చి, "మరి మా అమ్మ నమూనా?" అనింది. కసరబోయి ఆగినాను. నాకూ ముందు తట్టింది అదే.

మా అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయి రెండేళ్లు. కర్మ అన్నారు జనం. కర్మ అనేస్తే ఇంక ఎవర్నీ నిలదీయక్కర్లేదు గదా! నేను ఒళ్లు మండి, పురుగుమందులే చంపినాయని కరపత్రం వేసినా. కాలేజీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన మేడం అది చదివి పిలిపించినారు.

"కోపం బాగుండాది. రుజువు యాడప్పా?"

ఆమె బంగారాన్ని కంటికి ఆననంత నలుసులుగా చేసి నీళ్లలో నిలిపేవారు. ఆ నీళ్లు దానిమ్మ రసం మాదిరి ఎర్రగా ఉంటాయి. నలుసులకు జన్యువును గుర్తుపట్టే డీఎన్‌ఏ పోగులు తగిలిస్తారు. క్యాన్సర్ తెచ్చే మార్పు ఎదురైతే అవి గుంపు కడతాయి, ఎరుపు నీలమవుతుంది. బెంగళూరు ఆస్పత్రిలో దాచిన అక్క రక్తం నమూనాను ఆమే తెప్పించినారు. అందులో ఆ మార్పు ఉంటే అక్క పిల్లకూ వచ్చి ఉండొచ్చు, ముందే జాగ్రత్త పడాల.

పోయిన నెల ఆ నీళ్లలో సగం నమూనా కలిపినారు. చూస్తుండగానే నీలం. "పిల్లకు చెప్పొస్తా మేడం" అని లేచినా.

"కూర్చోప్పా! ఖాళీ గొట్టాన్ని అడిగినావా?"

బంగారు నీళ్లే పోసి, నమూనా కలపని గొట్టం ఒకటి పక్కన పెట్టడం ఆమె అలవాటు. అదీ నీలమే! డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఆ పొద్దు గొట్టాలు బోరునీళ్లతో కడిగినారు. మన బోర్లలో ఉప్పెంతో మీకు చెప్పాల్నా? ఉప్పు తగిలితే బంగారం ఉత్తినే గుంపు కడుతుంది.

"తప్పు నాదే. సగం పాడుచేసినా" అన్నారు. అంతలోనూ నన్ను వదల్లేదు: "నీ కరపత్రానికి ఖాళీ గొట్టమే లేదు గదప్పా!"

కోపం మానమని ఆమె ఎన్నడూ అనలేదు. దాన్ని సరిచూసుకోమన్నారు. ఇప్పుడేది రాసినా, నాది తప్పయితే ఎట్లా తెలుస్తుందని ముందు నన్ను నేనే అడుగుతాండా.

డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కోసం ఆమె పెట్టిన అర్జీలకు బదులియ్యని కాలేజీ, ఆమె పోయిన మర్నాడే ల్యాబుకు తాళమేసింది. "ఆర్డర్లు రావాల సార్" అంటాడు గుమాస్తా. ఎవరి ఆర్డర్లయ్యా? ఎప్పటికి?

నిన్న పిల్లా నేనూ పోయి కిటికీలోంచి చూసినాం. మిగిలిన సగం మూలనున్న ఫ్రిజ్‌లోనే ఉండాది. చల్లదనం పోతే అదీ చెడిపోతుంది. దాని మీద చిన్న దీపం.

"వెలుగుతాంది మామా" అనింది పిల్ల.

అంతలో కరెంటు పోయి, దీపం ఆరింది. పిల్ల రెండు చేతులతో ఊచలు పట్టుకొని, ఆ మూలకే చూస్తా నిలబడింది.