శాసనసభకు వెళ్లిన ఆపిల్ కేకు

శాసనసభలో మన ప్రతినిధి మన ఊరివాడే కాబట్టి, ఎదురుగా కూర్చుని చెప్పుకుంటే మన కష్టం అతనికి అర్థమవుతుందని అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు చిన్న పట్టణాల్లో అందరూ అంటారు. లవాన్ టోల్లెఫ్సన్ కూడా అరవై ఏళ్లు అలాగే నమ్మింది.

ఆమెది పదకొండు బల్లల భోజనశాల. శుక్రవారం సాయంత్రం వేయించిన చేపల కోసం ఊరంతా అక్కడికే వస్తుంది. ఒకప్పుడు అందరూ నోట్లిచ్చేవారు. ఇప్పుడు కార్డు గీస్తారు. గీసిన ప్రతిసారీ నూటికి మూడు డాలర్ల చొప్పున బ్యాంకూ కార్డు కంపెనీ పంచుకుంటాయి. భోజనం ధర మీద ఆ కోతను ఆమె సహించింది. ప్రభుత్వం కోసం తాను వసూలు చేసి కట్టే పన్ను మీద, వడ్డించే ఆవిడ జోనీకి జనం వదిలే టిప్పు మీద కూడా అదే కోత పడడం మాత్రం మింగుడుపడలేదు. టిప్పు మీది కోతను జోనీ దగ్గరే పట్టుకోమని లెక్కలు చూసే మనిషి రెండేళ్లుగా పోరుతున్నాడు. చట్టం అందుకు అడ్డుచెప్పదు. ఇరవై రెండేళ్లుగా పక్కన నిలబడిన మనిషి సంపాదనలో చెయ్యి పెట్టడానికి లవాన్‌కు మనసొప్పలేదు. అలాగని అంతా తానే భరిస్తే ఈ ఏడాది గట్టెక్కడం కష్టం.

పన్నునూ టిప్పునూ ఆ కోత నుంచి తప్పించే బిల్లు శాసనసభకు వచ్చిందని తెలిసి, ఫిబ్రవరిలో వ్యాపారుల సంఘంతో కలిసి రాష్ట్ర రాజధాని మాడిసన్ వెళ్లింది. ఒకరి గుమ్మం తొక్కేటప్పుడు వట్టి చేతులతో వెళ్లడం ఆమె పట్టణంలో లేదు. అందుకని ఆపిల్ కేకు చేసి తీసుకెళ్లింది. అదే తప్పయింది.

"అయ్యో, ఇది తీసుకోకూడదండీ," అంది ప్రతినిధి కార్యదర్శి మెరిడిత్. "బిల్లు పని మీద వచ్చినవాళ్ల దగ్గర కాఫీ చుక్క కూడా ముట్టకూడదు మేం."

"కేకేనమ్మా! ఆపిల్ ముక్కలు తప్ప లోపల ఏమీ దాచలేదు."

ప్రతినిధి రస్ డ్వోరాక్ నవ్వుతూ గదిలోంచి వచ్చాడు. ప్రతి శుక్రవారం ఆమె దగ్గర రెండో బల్ల అతనిదే.

"లవాన్, నీ కేకు వెనక్కి పంపానని తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. కొనుక్కుంటే తప్పులేదుగా!" జేబులు తడుముకున్నాడు. "నోట్లు లేవే! కార్డు తీసుకుంటావా?"

ఫోనుకు తగిలించే చిన్న యంత్రం ఆమె సంచిలోనే ఉంది.

"నేనింత దూరం దేనికొచ్చానో తెలుసా రస్ నీకు?"

"తెలుసులే. కానీ ఈ కార్డు వాడితే విమానం టిక్కెట్టుకు పాయింట్లొస్తాయి. చలికాలం వెచ్చగా ఫ్లోరిడా వెళ్లొద్దూ మరి?"

"ఆ పాయింట్లిచ్చేది నా దగ్గర కోసిన డబ్బుతోనే. ఆ టిక్కెట్టు నేనే కొంటున్నాను నీకు. హాయిగా వెళ్లిరా."

అతను పగలబడి నవ్వి కార్డు గీశాడు. టిప్పు ఎంత ఇస్తారని యంత్రం అడిగితే ఉదారంగా ఇరవై శాతం నొక్కాడు. ఆమెకు కేటాయించిన పావుగంటలో అప్పటికి నాలుగు నిమిషాలే మిగిలాయి. బిల్లు మాటెత్తితే, "అటు బ్యాంకులదీ ఇటు మీదీ, రెండు వైపులా వింటున్నాం," అన్నాడు.

అతనికి అర్థం కాలేదని అనలేం. అర్థమైంది. అర్థం కావడానికీ కదలడానికీ మధ్యనున్న దూరాన్ని పరిచయం తగ్గించలేదు, బహుశా పెంచింది: ఏళ్ల తరబడి పళ్లెం తెచ్చిపెట్టిన మనిషి కోపాన్ని కూడా అతను ఆతిథ్యంలో భాగంగానే స్వీకరించాడు.

మార్చిలో బిల్లు ఓటుకు రాకుండానే కమిటీలో ఆగిపోయింది.

"ఇక నా టిప్పులోంచే పట్టుకో లవాన్. నేనేమీ అనుకోను," అంది జోనీ.

"నువ్వు అనుకోవు. అదే నా మంట."

ఏప్రిల్ మొదటి శుక్రవారం లవాన్ తలుపుకు అట్ట కట్టింది: శుక్రవారాలు నోట్లు మాత్రమే. ఆ సాయంత్రం నాలుగు బల్లలు ఖాళీగా మిగిలాయి. రస్ గుమ్మంలో నిలబడి అట్ట చదివి, నోట్లు తెచ్చుకోవడానికి ఏటీఎం దాకా వెళ్లివస్తానన్నాడు, తిరిగి రాలేదు. లవాన్ అట్ట తీయలేదు. జోనీ టిప్పులోంచి ఏమీ పట్టుకోలేదు. మిగతా రోజుల కోత తానే కట్టుకుంటూ, ఖర్చు తగ్గడానికి సోమవారాలు భోజనశాల మూసేయడం మొదలుపెట్టింది.