జిపోరా అమ్మమ్మ, పక్కింటి గిన్నెలు

మా జిపోరా అమ్మమ్మకి ఒక్కటే జబ్బు. ఎవరింటికెళ్ళినా ముందు పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత తీసి చూస్తుంది. పలకరింపులు ఆ తర్వాతే. పాస్టరు గారిల్లయినా అంతే. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన మా టోరెస్ జలసంధి దీవిలో తలుపులకి తాళాలుండవు. అమ్మమ్మ భయానికి గిన్నెలకి మాత్రం తాళాలు వేయించాలని అందరూ అనుకునేవాళ్ళు.

చూసి ఊరుకుంటుందా? ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకి, తీర్పు చెబుతుంది.

"ఉప్పెక్కువైంది."

"ఇంకా ఉప్పే వెయ్యలేదత్తా," అన్నాడోసారి పక్కింటి కపువా.

"అయితే నీ చేప సముద్రంలో ఎక్కువసేపు నానింది."

బడి ఎగ్గొట్టి ఆమె వెనకే తిరిగే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ వానాకాలం సరుకుల పడవ రాలేదు. కొట్లో ఉన్న కాసిన్ని సరుకులూ విమానంలో వచ్చినవి, ధరలు మండిపోయేవి. మా ఎదురింటి మరేజా క్లినిక్‌లో ఊడ్చి తెచ్చుకునే జీతం ఓ బియ్యం సంచికి, రెండు క్యాబేజీలకి సరి. చుట్టూ సముద్రం నిండా చేపలే, కానీ పడవలో పెట్రోలుండాలిగా. ఆమె మొగుడు పని కోసం సముద్రం దాటి పెద్దనేలకి పోయాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. మరేజా నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

ఓ సాయంత్రం అమ్మమ్మ మరేజా ఇంటికెళ్ళింది. వాకిట్లో చర్చి ఆడవాళ్ళు కబుర్లాడుతున్నారు. పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది. మరేజా అడ్డమొచ్చింది.

"ఇవాళొద్దత్తా."

"అంత గొప్పగా వండావా ఏం? జరుగు."

మూత తీసింది. లోపల వట్టి నీళ్ళు. పొగ రాని ఇంటి గురించి ఊరంతా ఆరా తీస్తుందని పెట్టిన ఎసరు.

మరేజా తల దించుకుంది. అమ్మమ్మ ఓ చుక్క నాకి, వాకిట్లోకి వినబడేలా అంది:

"ఉప్పెక్కువైంది."

ఆడవాళ్ళు నవ్వారు. అమ్మమ్మ మూత పెట్టేసి గబగబా మా ఇంటికొచ్చింది. తాతయ్య అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు. కొబ్బరిపాలు పోసి వండిన చేపల గిన్నె ఎత్తేసింది.

"నా కూర చప్పగా ఉంది. మరేజాది ఉప్పు కషాయం. రెండూ కలిపితే గానీ తినలేం."

"నేనింకా రుచే చూళ్ళేదే," అన్నాడు తాతయ్య.

"చూసుంటే నువ్వే తిట్టేవాడివి."

గిన్నెడు కూరా తీసుకెళ్ళి మరేజా గిన్నెలో పోసేసింది. మరేజా గరిటె తీసుకుని, కలిపి, రుచి చూసింది.

"ఇప్పుడు సరిపోయిందత్తా," అంది నెమ్మదిగా. "కూర్చో. నా ఇంటికొచ్చి తినకుండా పోతావా? మామయ్యని కూడా పిలువు."

పిలవక్కర్లేకపోయింది. తాతయ్య కంచం పట్టుకుని అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.