వేదికకు వీపు తిప్పి విన్న మనిషి

మొయినాబాద్‌లో మా చర్చి పాటల టీచరమ్మకు పొగరని ఇప్పటికీ అంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే.

క్రిస్మస్‌కు మేం సంభాషణలన్నీ పాటలుగా ఉండే నాటకం వేసేవాళ్లం. యుగళగీతం మొదలైందంటే ఆమె కుర్చీ తిప్పి, వేదికకు వీపు పెట్టి కూర్చునేది. "మొఖాలు చూస్తె చెవులు మోసపోతయి" అని మాకందరికీ ముందే చెప్పింది.

ఒక ఏడు నేను గొర్రెల కాపరిని. చేవెళ్ల దవాఖానలో పనిచేసే నర్సు నాటకంలో నా భార్యగా వేషం కట్టింది. పాట అయిపోగానే చప్పట్లు మోగాయి. టీచరమ్మ ఇటు తిరిగింది.

"పైస్థాయి మస్తుగ అందుకున్నవ్ బిడ్డ. కానీ ఆమె ఏడుస్తుంటె నువ్వు అరుస్తున్నవ్. ఆమె గొంతు జర ఇన్నవా?"

"మరి గన్ని చప్పట్లు కొట్టిన్రు కద టీచరమ్మా?"

"అవి నీ పెట్టుడు గడ్డానికి."

అందరూ నవ్వారు. అది ఓర్వలేక చర్చి కమిటీ ముందు, "దేవుని పాటకు వీపు చూపింది" అన్నాను. ఎందుకు తిప్పుతుందో తెలిసీ అన్నాను. తెలిసిన తక్కినవాళ్లూ నోరు మెదపలేదు, పిరికివాళ్లు. ఆమెను పాటలు నేర్పే పని నుంచి తీసేశారు.

మొన్న ఆ పాట వీడియో దొరికింది. బొమ్మ చూడకుండా ఫోన్ బోర్లా పెట్టి విన్నాను. నర్సు గొంతు ఎక్కడా వినపడలేదు. అంతా నా అరుపే. సిగ్గుతో టీచరమ్మ ఇంటికి వెళ్లి, తప్పంతా ఒప్పుకున్నాను.

ఆమె ఓపిగ్గా విని, "మరి ఆ నర్సు బిడ్డకు చెప్పినవా?" అంది.

చెప్పలేదు. ఛీ, ఆ ఆలోచనే రాలేదు నాకు.