నా రిపోర్టు ముందు నాకే చెప్పాలి

పదకొండేళ్ల కింద ఒక పొద్దున నా జాకెట్టు నేనే కొలుచుకున్నాను. నేను టైలర్‌ని. నా ఆదికి సరిగ్గా కుట్టుకున్న జాకెట్టు ఛాతి దగ్గర మూడు అంగుళాలు వదులైంది. టేపు తప్పేమోనని ఇంకోసారి కొలిచాను. టేపు బాగానే ఉంది, నేనే తగ్గిపోయాను. అప్పటికి నెల రోజులుగా నోట్లో తెల్లటి పూత, ఏం తిన్నా మంట. నడుం చుట్టూ సర్పి పొక్కులు లేచాయి. మా ఆయన పోయి రెండేళ్లు. టీబీ అన్నారు. అంతకు మించి నాకెవరూ ఏమీ చెప్పలేదు.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, నన్ను టౌన్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. ఏ పరీక్షో చెప్పకుండా రక్తం తీశారు. రిపోర్టు వచ్చాక బావగారిని లోపలికి పిలిచి నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. దారిలోనే ఆయన ఇంటికి ఫోన్ చేసినట్టున్నాడు. నేను వెళ్లేసరికి నా కంచం, గ్లాసు వేరే గూట్లో ఉన్నాయి.

ఏమైందని అడిగితే అత్తమ్మ గుమ్మంలోనే చెప్పింది. "నీకు హెచ్ఐవీ అంట. పిల్ల కంచం ముట్టకు."

నా రోగం సంగతి ఇంట్లో అందరికంటే చివర నాకు తెలిసింది. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. వారం తిరగకముందే కుట్టుమిషన్ ఆటోలో వేసుకుని, నా బిడ్డ నస్రీన్‌ని తీసుకుని ములకలపల్లిలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. నస్రీన్‌కి పరీక్ష చేయిస్తే నెగెటివ్. ఆ రోజు మాత్రం కడుపునిండా అన్నం తిన్నాను.

హెచ్ఐవీ మందులిచ్చే ఖమ్మం ఏఆర్‌టీ సెంటర్లో నా సీడీ ఫోర్, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, నూట పదికి పడిపోయిందన్నారు. "మాత్ర ఒక్క రోజు కూడా తప్పొద్దు" అన్నది డాక్టరమ్మ. రాత్రి ఇషా అజాన్ వినబడగానే వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదటి నెలల్లో తల తిరిగి సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయేదాన్ని. మెల్లగా జాకెట్లు బిగుతయ్యాయి. తర్వాత వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, చేస్తే "టార్గెట్ నాట్ డిటెక్టెడ్". పరీక్షకు వైరస్ దొరకలేదని అర్థం. ఏటా అదే మాట.

మూడేళ్ల కింద ఆ డాక్టరమ్మే హైదరాబాద్‌లో జరిగే హెచ్ఐవీని పూర్తిగా పోగొట్టే దారి వెతికే ఒక క్యూర్ పరిశోధన గురించి చెప్పింది. "ఇది వైద్యం కాదు షమీమ్, పరిశోధన. నీకు లాభం ఉండకపోవచ్చు. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కించి, మాత్రలు ఆపి, వైరస్ తిరిగి వస్తుందా లేదా చూస్తారు. ఆడవాళ్లు దీనికి చాలా తక్కువ వస్తారు."

"మరి మా ఒంట్ల అది ఎట్లుంటదో ఎవరు చూస్తరు మేడం?" అన్నాను. నేను ఒప్పుకున్నది ఆ ప్రశ్న కోసమే.

సెంటర్లో ఎప్పుడూ నా పక్కన కూర్చునే దుమ్ముగూడెం ముత్తక్క ఊరుకోలేదు. "పానం మంచిగుంది గదా చెల్లె. ఏందీ కొత్త పంచాయితీ?"

హైదరాబాద్ వెళ్తే అక్కడి కోఆర్డినేటర్ పన్నెండు పేజీల కన్సెంట్ ఫారం చేతిలో పెట్టి, ఇంటి నుంచి మగవాళ్లు ఎవరైనా వస్తే మంచిదన్నాడు.

"సూది గుచ్చేది నాకా, వాళ్లకా?" అన్నాను. ఫారం ఇంటికి తెచ్చుకున్నాను. బట్ట కత్తిరించే ముందు గీసుకున్నట్టే, అర్థం కాని ప్రతి వాక్యం కింద నీలం సుద్దతో గీత గీశాను. ఇరవై మూడు గీతలొచ్చాయి. మళ్లీ వెళ్లి అక్కడి డాక్టర్ ముందు పరిచాను. ఆయన పాపం ఓపికగా ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు. ఒక్క గీత దగ్గర మాత్రం నేను కదల్లేదు. ఫలితాలు పాల్గొన్నవారికి లేదా కుటుంబ సభ్యులకు తెలియజేస్తామని రాసి ఉంది.

"ఆ 'లేదా కుటుంబ సభ్యులకు' అన్నది కొట్టెయ్యండి సార్. నా రిపోర్టు ముందు నాకే చెప్పాలె."

"ఒక్క మాట మార్చాలన్నా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలమ్మా. టైం పడుతుంది."

"పట్టనియ్యండి. అప్పటిదాకా సంతకం పెట్ట."

రెండు నెలలు పట్టింది. మాట మారింది, నాకొక్కదానికే కాదు, చేరిన అందరికీ. అప్పుడు పన్నెండు పేజీల మీదా సంతకం పెట్టాను.

మొదటిసారి డ్రిప్ ఎక్కించిన సాయంత్రం చలిజ్వరంతో వణికిపోయాను. తర్వాత మాత్రలు ఆపారు. ఇషా అజాన్ వినబడితే చెయ్యి దానంతటదే డబ్బా వైపు పోయేది. వారం వారం బస్సెక్కి రక్తం ఇచ్చి వచ్చేదాన్ని. భయం లేదంటే అబద్ధం. కానీ వారాలు గడిచేకొద్దీ ఆశ కూడా పెరిగింది, అది భయం కంటే ఎక్కువ సతాయించింది.

పదకొండో వారం పొద్దున ఫోన్ మోగితే నస్రీన్ ఎత్తింది. మూతి ముడుచుకుని నా చేతికిచ్చింది. "నీకే చెప్తరంట అమ్మీ. నేను బిడ్డనన్నా చెప్తలేరు."

"షమీమ్ గారూ, వైరస్ తిరిగి వచ్చింది" అన్నాడు డాక్టర్. "ఇవాళే మాత్రలు మొదలుపెట్టండి. ఇందులో మీ తప్పేం లేదు."

ఏడ్చాను. మిషన్ మీదున్న ఎవరిదో జాకెట్టు తడిచేదాకా ఏడ్చాను. కానీ ఈసారి ఆ కబురు మొదట విన్నది నేను. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నా ఇష్టం. ముందు చాయ్ పెట్టుకుని తాగాను. తర్వాత నస్రీన్‌కి చెప్పాను.

మళ్లీ టార్గెట్ నాట్ డిటెక్టెడ్ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు బాగున్నాను. పెళ్లిళ్ల సీజన్లో తల ఎత్తే తీరిక ఉండదు. నేను ఓడిపోయానని ఎవరన్నా అంటే ఒప్పుకోను. మాత్రలు ఊరికే ఆపితే కొన్ని వారాల్లోనే తిరిగొచ్చే వైరస్‌ను ఆ మందు ఆడదాని ఒంట్లో పది వారాలు ఆపిందని నా రక్తం చెప్పింది.

సెంటర్లో ముత్తక్క, "నువ్వు ఆపినవ్ గదా, నేను గూడ ఆపి చూడనా?" అంటే గట్టిగా కోప్పడ్డాను. మీక్కూడా అదే చెప్తున్నాను. నేను ఆపింది డాక్టర్లు వారం వారం రక్తం చూస్తుంటేనే. ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఎవరైనా కాగితం ఇస్తే అర్థం కాని చోట గీత గీయండి, అర్థమయ్యేదాకా సంతకం పెట్టకండి.

మొన్న కొత్తగూడెంలో ఒక పెళ్లిలో బావగారు కనిపించాడు. జుట్టంతా నెరిసింది. పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. "హైదరాబాద్ పోయినవంట గదా. రిపోర్టు ఏమొచ్చింది?"

"నాకు చెప్పిండ్రు బావా" అని నా కంచం పట్టుకుని అందరి మధ్యలోకి పోయి కూర్చున్నాను.