తోడేలు మూతికంటిన నెత్తురు

ఒక తోడేలుకు పద్దెనిమిది మచ్చలు పెట్టి, చెవి కూడా కుట్టించి, ఆపైన నా తప్పును నేనే నూలుతో నేయించి నలుగురికీ చూపించుకున్న ఘనకార్యం చెబుతాను. మా మామ ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ ఈ కథ చెబుతాడు. ఆయన నోట ఆ మచ్చలు నలభై దాటాయి కాబట్టి, నేనే చెప్పుకోవడం క్షేమం.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర మా మేనమామకు నాలుగు మగ్గాలు. నా పని నూలును కండెలకు చుట్టడం, నా కన్ను మాత్రం డిజైను గీసే కుర్చీ మీద. గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపుతూ బొమ్మ గీయాలి. దాన్నిబట్టి అట్టలకు చిల్లులు పొడిస్తే మగ్గం ఆ బొమ్మను నేస్తుంది. గీసే ఆయన వేరే కార్ఖానాకు వెళ్లిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ రోజుల్లోనే మా గల్లీలో ఉండే రిటైరైన సైన్సు సారు, గుడ్డలో చుట్టిన పెద్ద పుస్తకంతో వచ్చారు. వాళ్ల నాన్న పాత కాగితాల దుకాణంలో కొన్నదట. నిండా అడవి జంతువుల బొమ్మలు, ఏ కాలంలోనో ఎవరో చేత్తో రంగులు వేసినవి. సారు తోడేలు పేజీ తెరిచారు.

“గోడకు తగిలించేటట్టు నేసియ్యాలె. కాగితం పొడిపొడి అయితున్నది. నేనుండంగనే దీన్ని బట్టల చూసుకోవాలె. బుక్కుకు మాత్రం ఏం గావొద్దు.”

“మా మేనకోడలు గీస్తది సార్,” అని మామ నావైపు తిరిగాడు. “మంచిగొస్తే కుర్సీ నీదే. లేకుంటే జిందగీ అంత కండెలే.”

నేను ఆ బొమ్మ మీదికి వంగాను. వెంట్రుక వెంట్రుకా విడివిడిగా ఉంది. మెడ మీది బొచ్చు గాలికి లేచి ఉంది. కంటిలో బియ్యపు గింజంత వెలుగు. నేను ఎటు జరిగినా ఆ కన్ను నావైపే చూస్తోంది. ఆ బొమ్మ వేసిన మనిషి ఆ జంతువు ఎదురుగా ఎన్ని రోజులు కూర్చున్నాడో, అది కదలకుండా ఎలా ఉందో అనుకున్నాను. తెలియకుండానే చేతులు జోడించాను.

“దేవునికి మొక్కమంటే మొక్కవు గానీ, తోడేలుకు మొక్కుతున్నవా?” అంది అత్త.

అంతటివాడు వేసిన దాంట్లో ఒక్క చుక్క కూడా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా కొంప ముంచింది ఆ ఒట్టే. తోడేలు ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు పద్దెనిమిది. అన్నీ గీశాను. నేను తోడేలును ఎన్నడూ చూడలేదు. మా గల్లీలో అన్నిటికంటే క్రూరమృగం మా అత్త మేక.

మామ గళ్ల కాగితం మీదికి వంగి చూశాడు.

“తోడేలుకు గిన్ని మచ్చలుంటయా?”

“బుక్కుల ఉన్నయి మామా.”

“ఆకాశంల గూడ ఉన్నయి గదనే?”

“అవి ఈగలు.”

“మరి చెవికి బొక్కేంది? కమ్మలు పెడ్తవా?”

“బుక్కుల ఉన్నది మామా.”

బుక్కు మాట వినగానే మామ కాగితం వదిలి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. నా బుద్ధి అంతకంటే ముందే ఆగిందని ఇద్దరికీ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆ బొమ్మను వదిలి లేవబుద్ధి కాక, పుస్తకం ముందే జొన్నరొట్టె విప్పాను. అందులోకి పల్లీలు, ఎల్లిపాయ, కారం దంచి నూనె పోసి కలిపిన శేంగా చట్నీ. ఎర్రటి బొట్టు ఒకటి జారి సరిగ్గా తోడేలు మూతి పక్కన పడింది. తుడిచాను. ఇంకా పాకింది. ‘బుక్కుకు ఏం గావొద్దు’ అన్న మాట చెవిలో మోగింది.

అప్పుడు తట్టింది నాకు. ఇది తోడేలు. మేకల్ని తింటుంది. మూతికి నెత్తురు అంటకుండా ఎలా ఉంటుంది? అయితే బుక్కులో ఉన్న నెత్తురు బట్టలో లేకపోతే సారుకు అనుమానం వస్తుంది. మచ్చల కోసం ఎంచుకున్న ఇటుకరంగే దీనికీ సరిపోతుంది కాబట్టి పదకొండు గళ్లు నింపేశాను. ఆ గడులు వదిలేసి ఊరుకుంటే సరిపోయేది కదా అంటారు మీరు. ఆ తెలివి ఉండబట్టే మీరు చదువుతున్నారు, నేను రాస్తున్నాను.

బట్ట మగ్గం దిగింది. మామ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“మచ్చల సంగతి నాకు తెల్వది గానీ, ఆ మూతి కాడి నెత్తురు మాత్రం ఎకదం అసలు తీరున్నది.”

నేను వినయంగా తల వంచుకున్నాను.

సాయంత్రం సారు వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశారు.

“బిడ్డా, తోడేలుకు మచ్చలుండయి. ఇది పాత కాగితానికి పట్టిన బూజు. చెవి కాడ పురుగు తిన్నది.”

“మరి ఈగలు?” అన్నాడు మామ, నన్నే చూస్తూ.

“అవి గూడ బూజే.”

కుర్చీ పోయిందని నాకు అర్థమైంది. సారు ఇంకా వదల్లేదు. ఆయన వేలు బట్ట మీద ఒక్కో మచ్చనూ తడుముతోంది.

“ఇది మా నాయిన ఉన్నప్పటిది. ఇది నా పెండ్లయినంక పడ్డది. అన్ని నాకు ఎరుకే.” వేలు మూతి దగ్గర ఆగింది. “ఇది మాత్రం నేనెన్నడు సూడలే.”

“నెత్తురు సార్,” అన్నాను.

సారు పుస్తకం తెరిచి, పేజీ ముక్కు దగ్గర పెట్టుకుని, మామకు అందించారు. మామ కూడా వాసన చూశాడు.

“ఎల్లిపాయ,” అన్నాడు మామ.

“శేంగా చట్నీ,” అని సారు తీర్పు చెప్పారు.

ఏడుస్తూ అంతా ఒప్పుకున్నాను. సారు పుస్తకం మూసి, దాని అట్ట నిమిరారు.

“గీ బొమ్మను మా నాయిన సూసిండు, నేను సూసిన, నా పిల్లలు సూసిన్రు. బూజు మచ్చలు గూడ లెక్కవెట్టి సూసినోళ్లు ఎవ్వరు లేరు,” అని మామ వైపు తిరిగారు. “మచ్చలు లేకుండ ఇంకొకటి నేయించు. గీ పొల్లతోనే గీయించు. ఇది గూడ నేనే తీస్కపోత.”

మామ కుర్చీ నావైపు తోశాడు. “కూసో. బువ్వ మాత్రం బయట తిను.”

ఇప్పుడు ఆ పేజీ ముట్టుకుంటే పొడి రాలుతోంది. సారు గోడ మీద మాత్రం తోడేళ్లు రెండూ పక్కపక్కనే నిలబడి చూస్తున్నాయి, అదే కన్నుతో. వచ్చినవాళ్లు మచ్చలదాని ముందే ఆగుతారు. “గిది షోలాపూర్ తోడేలు, శేంగా చట్నీ తింటది,” అని సారు పరిచయం చేస్తారు.

కావున నాలుగు మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కాగితం ముందూ రొట్టె విప్పను, నా భోజనాన్ని ఏ మృగం మూతికీ పులమను. ఇది రాసిన కాగితం మూలన ఒక ఎర్రటి మరక ఉంది, దాని గురించి అడగకండి. అది బూజు.