రెండు మగ్గాల సందులో మూడు రౌండ్లు

మా ఆర్మీ ట్రక్కు ధామన్కర్ నాకా కూడలి చేరేసరికి ఉదయం ఆరు దాటింది. రోడ్డు అక్కడివరకే ఉంది. ఆ తర్వాత నీళ్లు. పల్లంలో నిలిపిన ఆటోల పసుపు టాపులు మాత్రమే కనిపిస్తున్నాయి. వాన సన్నగా, ఏటవాలుగా పడుతోంది. నీళ్లలో డీజిల్ వాసన, నూలుకు పట్టించే సైజింగ్ గంజి వాసన.

అది భివండీ, నేను పుట్టి పెరిగిన ఊరు. సెలవు మీద వచ్చినప్పుడు అదే నాకాలో బ్యాగు పట్టుకుని దిగేవాణ్ని. ఆ రోజు లైఫ్ జాకెట్ వేసుకుని, భుజాన నైలాన్ తాడు చుట్టతో దిగాను.

సుబేదార్ సాబ్ ఉత్తర్వు చెప్పారు. "నాగావ్ సందుల్లో మగ్గాల షెడ్లున్నాయి. మనుషులు లోపలే ఉండిపోయారు. పడవకు నలుగురు. చీకటి పడేలోపు నాకాకు తిరిగి రావాలి. ఎవరికీ సొంత పనులు లేవు."

ఆ చివరి మాట నా కోసమే. మా అక్క కుటుంబం శాంతి నగర్‌లో ఉంటుందని ఆయనకు తెలుసు.

మా పడవలో రేడియో ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, నేను, మా ఉస్తాద్. ఉస్తాద్ హవల్దారు, రెజిమెంటు బాక్సింగ్ జట్టుకు శిక్షకుడు. వెడల్పాటి ఛాతీ, ఎప్పుడో విరిగి అతికిన ముక్కు. ఆయన మాట్లాడేది హిందీ. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

నేను అరవై కిలోల తరగతిలో ఆడేవాణ్ని. జట్టు ఎంపిక మరుసటి వారమే. నాకూ ఉస్తాద్‌కూ మూడు నెలలుగా ఒకటే గొడవ, బరువుల గురించి. వారంలో మూడు రోజులు ఆయన నాతో బరువులు ఎత్తించేవాడు. పొద్దున గ్లవ్స్, సాయంత్రం బరువులు. ఆ క్రమం ఎన్నడూ తప్పనిచ్చేవాడు కాదు. అలసిన చేతులతో సాధన చేస్తే తప్పుడు గుద్దే చేతికి అలవాటవుతుందనేవాడు. బరువు దించగానే కూర్చోనిచ్చేవాడు కాదు. వెంటనే ఒక రౌండు గాలిలో గుద్దాలి. కాళ్లు తేలికగా కదలడం మరిచిపోకూడదట.

"కండ పెరిగితే తరగతి దాటిపోతాను ఉస్తాద్. చెయ్యి మొద్దుబారుతుంది" అనేవాణ్ని.

"కండ కోసం ఎత్తితే పెరుగుతుంది. నువ్వు బలం కోసం ఎత్తు. బరువు ఎక్కువ, ఎత్తేది తక్కువసార్లు. గుద్దు చేతిలో పుట్టదు, మడమలో పుడుతుంది."

నాకు నమ్మకం కుదరలేదు. ఆయన చెప్పాడు కాబట్టి చేసేవాణ్ని.

మధ్యాహ్నం కాకముందే రెండుసార్లు జనాన్ని నాకాకు చేర్చాం. మూడోసారి ఇంకా లోపలి సందులోకి వెళ్లాం. అక్కడ ఒక షెడ్డు పై కిటికీలోంచి ఎవరో తెల్లటి బట్ట తాను ఊపుతున్నారు. తయారైన బట్టను కిందికి దించే కిటికీ అది, చువ్వలు లేవు. పడవను దాని కిందికి చేర్చి తాడు కట్టాం. లోపల ఎంతమంది ఉన్నారో చూడటానికి నలుగురం ఎక్కాం. ఆఖరున రేడియో ఆపరేటర్ ఎక్కుతుండగా ప్రవాహం పడవను పక్కకు నెట్టింది. నీటి కింద ఏదో రేకు అంచు ఉంది. పడవ రబ్బరు చీరుకుపోయిన చప్పుడు అందరం విన్నాం. ఉస్తాద్ తాడు లాగితే పడవ ఖాళీ సంచిలా పైకొచ్చింది.

రక్షించడానికి వచ్చినవాళ్లం కూడా ఇరుక్కుపోయాం.

అది మగ్గాల పైన కట్టిన చెక్క అటక. కార్మికులు పడుకునే చోటు. మాళా అంటారు. నిటారుగా నిలబడితే తల రేకుకు తగులుతుంది. అప్పటికే అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. అందరూ మన కరీంనగర్ వైపు వాళ్లే. ముందురోజు నీళ్లు రాకుండా కింద షట్టరు దించారు. తర్వాత నీటి ఒత్తిడికి అది బిగుసుకుపోయింది. బయట సందులో ప్రవాహానికి ఈదే వీలు లేదు. మెట్ల కింద మగ్గాలు నడుములోతు నీళ్లలో ఉన్నాయి.

రేడియో ఆపరేటర్ కబురు పంపాడు. "పడవ పోయింది. పదమూడు మందిమి. అందరం క్షేమం. ఓవర్."

"ఉన్నచోటే ఉండండి. వరుసలో మీ వంతు వస్తుంది. బ్యాటరీ కాపాడుకోండి. ఓవర్."

మా దగ్గరున్న శక్కర్‌పారా తీపి బిళ్లలు పంచాం. తలా రెండు వచ్చాయి. తర్వాత చేయడానికి ఏమీ లేదు. తడిబట్టలతో చలి పట్టుకుంది. కార్మికులు ఇద్దరు ఊరికే కొట్లాటకు దిగారు, కిటికీ దగ్గర చోటు కోసం. నేను కిటికీలోంచి శాంతి నగర్ వైపు చూస్తూ కూర్చున్నాను. మా అక్క ఇల్లు రోడ్డుకు ఒక మెట్టు మాత్రమే ఎత్తు. రేడియోలో సొంత మాట అడగకూడదు.

ఉస్తాద్ నా భుజం తట్టాడు. "లే. ఒక రౌండు."

"ఇక్కడా?"

"పైకప్పు తక్కువుంది. మంచిదే. మోకాళ్లు వంచే ఉంచుతావు."

నేనూ రేడియో ఆపరేటరూ సగం కూర్చున్నట్టే నిలబడి గాలిలో గుద్దడం మొదలుపెట్టాం. రౌండు అయ్యాక ఇద్దరం చెరో కొసా పట్టుకుని తడిసిన బట్టమూటను ఎత్తి దించాం. మళ్లీ గుద్దులు. ఒళ్లు వేడెక్కింది.

మూల గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దామె ఇదంతా చూస్తోంది. ఆమె పేరు రాజవ్వ, కండెలు చుట్టే పని.

"ఏంది కొడుకా, గాలిని గట్ల గుద్దుతున్నరు? గాలేం జేసింది మీకు?"

మూడు గంటల్లో అక్కడ మొదటిసారి నవ్వులు వినిపించాయి. నా తెలుగు విని ఆమె ఇంకా దగ్గరికి జరిగింది.

"నువ్వు మనోనివా? ఏడ మీ ఇల్లు?"

"శాంతి నగర్‌ల పెద్దమ్మా. మా అక్క ఉంటది."

"మరి అక్కను జూడకుంట మా కాడికొచ్చినవా?" అంది. నా ముఖం చూసి, "మంచిగనే ఉంటది తియ్యి" అని తలకు కొంగు బిగించుకుంది.

కొట్లాడుకున్న ఇద్దరూ కూడా వచ్చి బట్టమూట ఎత్తారు. అలా ఒక గంట గడిచింది. అప్పుడే రాజవ్వ చుట్టూ చూసి అడిగింది.

"మల్లేశం ఏడి?"

మల్లేశం ఆ షెడ్డులో మగ్గాలు నడుపుతూ తెగిన పోగులు ముడివేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. అందరికీ ఆకలవుతోందని, కింద గూట్లో ఉన్న బియ్యం డబ్బా, స్టవ్వు తెస్తానని ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాడు. ఆమె అడిగిన కాసేపటికే కింద పెద్ద చప్పుడైంది. తర్వాత కేక.

మెట్ల మీదికి పరిగెత్తాం. గోడవారగా పేర్చిన నూలు బీములు జారాయి. బీము అంటే పోగులు చుట్టిన పెద్ద ఇనుప కడ్డీ, రెండు కొసలా ఇనుప చక్రాలుంటాయి. ఎండినదాన్నే ఇద్దరు మోయలేరు, ఇది నానిపోయింది. ఒకటి దొర్లి మల్లేశం కాలిని మగ్గం చట్రానికి అదిమేసింది. అతను మగ్గాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు ఛాతీ దాటాయి, ఇంకా పెరుగుతున్నాయి.

ఉస్తాద్ లైఫ్ జాకెట్ విప్పి ముందు దిగాడు. రెండు మగ్గాల మధ్య సందు ఇరుకు. ఆయన ఛాతీ పట్టలేదు. పక్కకు తిరిగినా పట్టలేదు. పైనుంచి రేడియో ఆపరేటర్ గొంతు వినిపించింది. "మనిషి ఇరుక్కున్నాడు, నీళ్లు పెరుగుతున్నాయి, పడవ కావాలి, ఓవర్." జవాబు కూడా వినిపించింది. పడవలన్నీ పనిలో ఉన్నాయి. కనీసం రెండు గంటలు.

ఉస్తాద్ నా వైపు చూశాడు. మా నలుగురిలో సన్నటివాణ్ని నేనే.

ఆయన జేబులో చేతికి కట్టుకునే గుడ్డ పట్టీలు ఎప్పుడూ ఉంటాయి. మెట్ల మీదే నిలబెట్టి నా రెండు చేతులకూ చుట్టాడు, రింగులోకి పంపేముందు చుట్టినట్టే. ఇనుప చక్రం అంచుకు అరచేతులు కోసుకుపోకుండా.

"ఒక కొస లేపితే చాలు. నడుముతో కాదు, కాళ్లతో లే. నీళ్లలో ఊపిరి ఒక్కసారే వదలకు. గుద్దేటప్పుడు వదిలినట్టు, కొంచెం కొంచెం. మూడు నిమిషాలు నీవి. తర్వాత నిమిషం నాది. ఆపు అంటే ఆపాలి."

సందులోకి దూరాను. ముందు మల్లేశం, వెనక ఇంకా దొర్లని బీములు. రింగుకు నాలుగు వైపులా తాళ్లుంటాయి, ఒరిగితే సాగుతాయి. అక్కడ అటూ ఇటూ ఇనుమే.

"తమ్మీ, కాలు కోసెయ్యున్రి. పానమన్న దక్కుతది" అన్నాడు మల్లేశం. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"నోర్ముయ్యి. కాలు లేకుంట మగ్గం ఎట్ల నడుపుతవ్?" రాజవ్వ గొంతు. మగ్గం అవతలి పక్కనుంచి ఆమె అప్పటికే నీళ్లలోకి దిగింది. చంకలో ఒక చెక్కదిమ్మ. "నువ్వు లేపు కొడుకా. నేను కాలితోని దీన్ని బీము కిందికి తోస్త. గీ షెడ్డుల నాకు కండ్లు మూసినా దారి ఎర్కే."

మొదటి రౌండు. మునిగాను. చక్రం అంచు దొరికింది. కూర్చుని పట్టు బిగించి లేచాను. బీము కదలలేదు. మళ్లీ మునిగాను. కదిలింది, జారి అక్కడికే పడింది. మల్లేశం అరుపు నీళ్లలోనే వినిపించింది. కంగారులో నోరు తెరిచాను, బురదనీళ్లు లోపలికి పోయాయి. పైకి లేచి దగ్గుతూ ఆ ఇనుమును పిడికిలితో గుద్దాను.

"ఆపు!" ఉస్తాద్ అరిచాడు. "నా నిమిషం. భుజాలు వదులు చెయ్యి. ముక్కుతో పీల్చు. నన్ను చూడు. వాణ్ని కాదు, నన్ను చూడు."

చూశాను. ఎప్పుడూ తాళ్ల అవతల మూలన నిలబడే ముఖమే. కొంత స్థిమితం వచ్చింది.

రెండో రౌండులో తొందరపడలేదు. మడమలు నేలకు ఆనించి, వీపు నిటారుగా పెట్టి లేచాను. బీము అంగుళం లేచింది. "ఇంక జర!" అంది రాజవ్వ. దిమ్మ సగమే దూరింది. ఇక పట్టలేకపోయాను. దించాను. కానీ ఈసారి అది కిందిదాకా పోలేదు, దిమ్మ మీద ఆగింది. నీళ్లు మల్లేశం మెడను తాకాయి.

ఉస్తాద్ మళ్లీ తన నిమిషం తీసుకున్నాడు. నీళ్లు పెరుగుతుంటే ఆ నిమిషం ఇవ్వడం ఎంత కష్టమో నాకు ఆయన దవడ చూస్తే తెలిసింది. ఒక్క క్షణం కూడా తగ్గించలేదు.

మూడో రౌండు. మూడు మునకల్లో ఏమీ జరగలేదు. నాలుగోసారి లేచేటప్పుడు బరువు చేతుల్లో లేదు, కాళ్లలో ఉంది. లేపి అలాగే పట్టి ఉంచాను. చెవుల్లో హోరు. ఊపిరి బుడగలుగా కొంచెం కొంచెం వదులుతున్నాను. రాజవ్వ దిమ్మను పూర్తిగా తన్నింది. ఏదో నా మోకాలిని రాసుకుంటూ పోయింది. అది అతని కాలు.

పైకొచ్చేసరికి నర్సింగ్ అసిస్టెంట్ మల్లేశాన్ని చంకల కింద పట్టి మగ్గం మీదుగా లాగుతున్నాడు.

ఎముక విరిగింది. రెండు కర్రలు పెట్టి కట్టు కట్టారు. రాజవ్వ మల్లేశం తలను ఒళ్లో పెట్టుకుని, బియ్యం కోసం దిగినందుకు చాలాసేపు తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. ఉస్తాద్ పట్టీలు విప్పుతూ, "ఒక రౌండు గాలిలో గుద్దు. కండరాలు పట్టేస్తాయి" అన్నాడు. గుద్దాను.

చీకటి పడటంతో పడవ మరుసటి ఉదయమే వచ్చింది. అప్పటిదాకా అందరం ఆ రేకుల కిందే, మెట్లు ఒక్కొక్కటే మునగడం, తర్వాత ఒక్కొక్కటే తేలడం చూస్తూ ఉన్నాం.

ధామన్కర్ నాకాలో ట్రక్కు ఎక్కబోతుంటే జనాన్ని తోసుకుంటూ మా అక్క వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

"ఇల్లు మునగలే. గడపదాంక వచ్చి పోయినయ్. ఏందిరా, గింత సన్నబడ్డవ్? తిండి పెడ్తలేరా ఆర్మీల?"

సుబేదార్ సాబ్ అటు తిరిగి నిలబడ్డారు, చూడనట్టు. డబ్బాలో జొన్నరొట్టెలున్నాయి. ట్రక్కులో పదిహేను మందిమి పంచుకున్నాం.

ఎంపికలో ఓడిపోయాను. మూడు రౌండ్లూ నిలబడ్డాను, పాయింట్ల మీద పోయింది. ఉస్తాద్ సాయంత్రం ఎప్పటిలాగే బరువుల దగ్గరికి రమ్మన్నాడు. ఆ తర్వాత నేను గొడవపడలేదు. మరుసటి ఏడు జట్టులో చోటు వచ్చింది.

ఇప్పుడు పదవీ విరమణ చేసి భివండీలోనే ఉంటున్నాను. మగ్గాలు అమ్మేసిన ఒక షెడ్డులో పొద్దున బాక్సింగ్, సాయంత్రం బరువులు నేర్పిస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను పతకాల గురించి అడుగుతారు. సరిహద్దు గురించి అడుగుతారు. సరిహద్దులో కూడా పనిచేశాను. కానీ కళ్లు మూసుకుంటే వచ్చేది సరిహద్దు కాదు.

రెండో రౌండు అయ్యాక, ఉస్తాద్ నిమిషం నడుస్తోంది. వెంటిలేటర్‌లోంచి కొంచెం వెలుతురు పడుతోంది. మల్లేశం మెడదాకా నీళ్లలో ఉన్నాడు. కళ్లు నా మీదున్నాయి, పెదవులు నల్లబడ్డాయి. అతని చేతులు నీటి కింద కదులుతున్నాయి. నన్ను పట్టుకోబోతున్నాడనుకుని బురదనీళ్లలో చెయ్యి పెట్టి తడిమాను. పక్క మగ్గం మీద పోగులు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. బీము తగిలి కొన్ని తెగాయి. మల్లేశం వేళ్లు తెగిన కొసలు వెతుక్కుంటున్నాయి. రెండు కొసలు దొరకగానే కలిపి ముడి వేస్తున్నాయి. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలియదు. ఒక ముడి అయ్యాక వేళ్లు ఇంకో కొస కోసం తడుముతున్నాయి.